‘నూటికి నూరు శాతం చారిత్రకం’ అన్న నౌకాయుద్ధం సెట్టు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రెండో ప్రపంచయుద్ధం మొదట్లో, 1939లో దక్షిణ అమెరికా తీరం దగ్గర జర్మన్ ఓడ గ్రాఫ్ స్పేకీ, బ్రిటన్ పక్షాన మూడు క్రూజర్లకీ (మధ్యరకం యుద్ధనౌకలు) జరిగింది రివర్ ప్లేట్ యుద్ధం. ఆ పేరుతో, చిన్న ఓడ బొమ్మలతో బల్ల మీద ఆడుకునే ఒక మినియేచర్ సెట్టు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నాలుగు ఓడలు, లావుపాటి రూల్ పుస్తకం, పాచికలు, సముద్రం అచ్చేసిన గుడ్డ. ‘నూటికి నూరు శాతం చారిత్రకం, వైట్ మెటల్, 1:2400 స్కేలు’ అన్నది ప్రకటన. అంటే లోహంతో పోసిన బొమ్మలు, అసలు ఓడలో 2400వ వంతు సైజు. పదకొండున్నర వేలు పెట్టి కొన్నాను, కస్టమ్స్‌కి ఇంకో నాలుగు వేల చిల్లర కట్టాను. ప్రకటనలోని ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిలబడలేదు. అమ్మినవాడి పేరు రాయను, వాడితో మళ్లీ గొడవ పడే ఓపిక లేదు. ప్రకటన కంటపడితే మీరే గుర్తుపడతారు.

ఈ యుద్ధమే ఎందుకంటే, అందులో ఉన్న అకిలీస్ కోసం. అప్పట్లో న్యూజిలాండ్ నావికులు నడిపిన ఆ క్రూజర్‌ని 1948లో మన దేశం కొనుక్కుంది. అదే మన ఐఎన్‌ఎస్ ఢిల్లీ. 1961లో గోవా, డయ్యూ విముక్తి అప్పుడు కూడా పనిచేసింది. మా మేనమామ కుర్రతనంలో దాని మీద ఉద్యోగం చేశాడు. విశాఖలో పెరిగినవాణ్ణి, చిన్నప్పుడు ఆ ఓడ కబుర్లు వింటూ అన్నం తిన్నవాణ్ణి. దాన్ని బల్ల మీద పెట్టుకుని ఆడాలన్న ఆశ ఎప్పటినుంచో ఉంది.

పెట్టె విప్పగానే కనిపించిన అకిలీస్‌కి రెండు పొగగొట్టాలు! అకిలీస్‌కీ, దాని జంట ఓడ ఎజాక్స్‌కీ మధ్యలో వెడల్పాటి పొగగొట్టం ఒక్కటే ఉంటుంది. ఆ తరగతిని మార్చి కట్టిన మూడు ఓడలకే, ఆస్ట్రేలియా నడిపిన పెర్త్ లాంటి వాటికే రెండుంటాయి. ఎజాక్స్‌కీ అదే అచ్చు పోశాడు. మూడో క్రూజర్ ఎక్సెటర్ ఇంకా ఘోరం. అసలు ఓడకి రెండు పొగగొట్టాలు, మూడు టరెట్లలో (ఫిరంగులు బిగించి తిప్పే ఉక్కు గూళ్లు) ఆరు ఎనిమిదంగుళాల ఫిరంగులు. నాకొచ్చినదానికి మూడు పొగగొట్టాలు, నాలుగు టరెట్లు. అంటే ఆటలో ఎక్సెటర్‌కి ఉచితంగా ఇంకో రెండు ఫిరంగులన్నమాట.

కొలబద్ద తీసి కొలిచాను. ఇది మీరూ నేర్చుకోండి, క్షణం పట్టదు. ఓడ అసలు పొడవుని మీటర్లలో తీసుకుని వెయ్యితో గుణించి స్కేలు అంకెతో (ఇక్కడ 2400) భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. జర్మన్ గ్రాఫ్ స్పే పొడవు 186 మీటర్లు. 1:2400లో 77 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. నా చేతిలో ఉన్నది సరిగ్గా 62, అంటే 1:3000 అచ్చు. ఎక్సెటర్ 73 ఉండాల్సింది 80 ఉంది. మూడు క్రూజర్లనీ వణికించిన ‘పాకెట్ బ్యాటిల్‌షిప్’ గ్రాఫ్ స్పే వాటి పక్కన బిడ్డలా నిలబడింది. పైగా వైట్ మెటల్ కాదు, రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి సరుకు. రంగుకి ముందు పూత (ప్రైమర్) కొట్టడానికి చేతిలోకి తీసుకుంటే రెండు ఫిరంగి గొట్టాలు వేళ్లకే వచ్చేశాయి.

సరే, బొమ్మలు పోతే పోయాయి, ఆట బాగుంటే చాలనుకున్నాను. నేను రివిట్లు లెక్కపెట్టే బాపతు కాదు. అగ్గిపెట్టెలు పెట్టి ఆడమన్నా ఆడతాను. అసలు దెబ్బ తగిలింది రూల్ పుస్తకం దగ్గరే.

బల్ల మీద దూరాలు కూడా ఓడల స్కేలులోనే ఉండాలట. యుద్ధం మొదలైనప్పుడు ఎదురుపక్షాల మధ్య దూరం దాదాపు 17 కిలోమీటర్లు. 1:2400లో అది ఏడు మీటర్లు. మా డైనింగ్ టేబుల్ ఆరడుగులు. ఈ పుస్తకం ప్రకారం ఆడాలంటే కల్యాణమండపం బుక్ చేసుకోవాలి. ఓడల స్కేలు ఒకటి, దూరాల స్కేలు ఒకటి పెట్టుకోవడం ఈ ఆటల్లో మామూలే, దాన్ని మోసం అనేవాడు ఎవడూ లేడు. ‘చారిత్రకం’ అన్న మాట కోసం వీళ్లు ఆ సౌకర్యాన్ని తీసి పారేశారు.

ఇక ఒక్కో గుండుకీ దూరం, కోణం, ఉక్కు మందం, వాతావరణం అంటూ ఐదు పట్టికలు వెతకాలి. ఆదివారం నేనూ, మా బావమరిదీ కూర్చున్నాం. నాలుగు గంటలు ఆడితే యుద్ధంలో ఆరు నిమిషాలు గడిచాయి. అసలు యుద్ధమే గంటా ఇరవై నిమిషాల్లో ముగిసిపోయింది! బావమరిది కాలిక్యులేటర్ పక్కన పెట్టి, “ఏటి బావా, ఇది యుద్ధమా, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నా?” అన్నాడు.

ఇంత లెక్క చేసినా చరిత్రైనా వచ్చిందా అంటే అదీ లేదు. సగం దెబ్బతిన్న ఓడ తనంతట తానే తప్పుకోవాలట. ఇంకాస్త ఆడితే, ఆ రూలుతో మా ఎక్సెటర్ ఎనిమిదో నిమిషంలోనే పారిపోయింది. 1939 డిసెంబర్ 13 పొద్దున అసలు ఎక్సెటర్‌లో ఓడని నడిపే చోటు, బ్రిడ్జి, నుగ్గయింది. కెప్టెన్ బెల్ వెనక్కి పరిగెత్తి, పడవలో వాడే దిక్సూచి పట్టుకుని, మనిషి నుంచి మనిషికి కేకలతో ఆజ్ఞలు అందిస్తూ ఓడ నడిపాడు. చివరికి మిగిలిన ఒక్క టరెట్‌తో ఏడున్నర దాకా కాల్చారు. అటుపక్క నుంచి ఎజాక్స్, అకిలీస్ ఆరంగుళాల ఫిరంగులతో కాల్చడం వల్ల గ్రాఫ్ స్పే గురి మాటిమాటికీ మార్చాల్సి వచ్చింది. బ్రిటిష్ దళపతి కమొడోర్ హార్వుడ్ ఓడల్ని రెండు వైపులకి విడగొట్టిందే అందుకు. ఈ పుస్తకంలో గురి మార్చినందుకు ఏ నష్టమూ లేదు. ఉక్కు మందం మాత్రం మిల్లీమీటర్లతో సహా ఉంది.

ఇంతకీ గ్రాఫ్ స్పే మునిగేంత దెబ్బ తినలేదు. ఇంధనం శుద్ధి చేసే యంత్రం, వంటగది పోయాయి. ఇల్లు చూస్తే అట్లాంటిక్ అవతల. బాగు చేసుకోవడానికి తటస్థ దేశం ఉరుగ్వేలోని మాంటెవీడియో రేవుకి వెళ్తే అక్కడ ఇచ్చిన గడువు 72 గంటలు. బయట పెద్ద బ్రిటిష్ దళం కాచుక్కూర్చుందని నమ్మి, 17న కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ తన ఓడని తనే పేల్చేశాడు. ఈ యుద్ధం తేలింది ఇక్కడ. పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు.

1930ల్లో న్యూయార్క్‌లో ఫ్లెచర్ ప్రాట్ అనే రచయిత మిత్రులతో నేల మీద ఓడలు పరిచి ఆడించేవాడు. ఎదుటి ఓడ ఎన్ని అంగుళాల దూరంలో ఉందో ముందు కంటితో అంచనా వేసి చెప్పాలి, తర్వాతే కొలవాలి. గురి చూడటం ఎంత కష్టమో ఆ ఒక్క రూలు చెప్పేస్తుంది, పైగా సరదా. ఐదు పట్టికలు చెయ్యలేని పని అది.

అమ్మినవాడికి రాశాను. ఆట నత్తనడక నడుస్తోంది మహాప్రభో అంటే, “ఇది చరిత్ర, తేలిగ్గా ఉండదు” అన్నాడు. మరి పొగగొట్టాల సంగతేంటంటే, “ఇది సరదా కోసం ఆడే ఆట, అంత పట్టింపు ఎందుకు?” అన్నాడు. ఒకే రోజు, ఒకే నోటితో! చరిత్ర అడిగితే సరదా చూపిస్తాడు, సరదా అడిగితే చరిత్ర చూపిస్తాడు. డబ్బు అడిగితే జవాబే లేదు.

కొనాలని ఉంటే, ప్రతి ఓడ పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడగండి. పొగగొట్టాలు, టరెట్లు లెక్కపెట్టండి. రూల్ పుస్తకంలో ఫిరంగి కాల్పుల పేజీ ఒకటి చూపించమనండి, ఒక్క కాల్పుకి ఎన్ని పట్టికలు కావాలో అక్కడే తేలుతుంది. చూపించనన్నాడంటే వదిలేయండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు, “మీరే విరగ్గొట్టారు” అనిపించుకున్నాను. సరుకు వెనక్కి తీసుకున్నా కస్టమ్స్ సొమ్ము ఇచ్చేది లేదన్నాడు.

పుస్తకం అటక ఎక్కించి మేమే నాలుగు రూళ్లు రాసుకున్నాం. దూరం అంచనా వేసి చెప్పాలి. గురి మారిస్తే తర్వాతి వంతు సగం పాచికలే. గ్రాఫ్ స్పేకి నాలుగు పెద్ద దెబ్బలు తగిలితే, ఎదుటివాళ్లు ఎన్ని ఓడలు పోగొట్టుకున్నా జర్మన్ ఓడినట్టే. రెండు గంటల్లో ఆట ముగిసింది. ఎక్సెటర్‌ని ముంచేసి కూడా ఓడిపోయిన బావమరిది ఉడుక్కుని, రాత్రి పదకొండింటికి మళ్లీ పేర్చమన్నాడు.

ఓడల విషయానికొస్తే, మూడు పొగగొట్టాల నకిలీ ఎక్సెటర్‌కి అడుగున కంబర్లాండ్ అని రాశాను. యుద్ధం మర్నాడు రాత్రి సాయంగా వచ్చిన ఆ ఓడకి మూడు పొగగొట్టాలు, నాలుగు టరెట్లు నిజంగానే ఉన్నాయి. రెండు పొగగొట్టాల వాటిలో ఒకటి పెర్త్ అయింది. అకిలీస్‌ని మాత్రం మరోచోట విడిగా ఆర్డర్ పెట్టాను, ఈసారి స్కేలు పక్కన పెట్టిన ఫోటో తెప్పించుకున్నాకే.