విల్లు ఓవెన్‌లో పీఐడీ కంట్రోలర్: కొన్నేళ్లు వాడినాక నా రివ్యూ

ఫైబర్ గ్లాస్, వెదురు పొరలు అంటించి విల్లులు చేసేవాళ్లు ఏ జిగురు వాడాలి అని చాలా అడుగుతుంటరు గానీ దాన్ని ఏ వేడి దగ్గర ఆరబెట్టాలి అని అడిగేవాళ్లు తక్కువ. మన హైదరాబాద్‌లో రెండోదే పెద్ద ప్రశ్న అంటా నేను. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీలు (రెండు భాగాలు కలిపి వాడే జిగుర్లు) చాలావరకు 50-60 డిగ్రీల దగ్గరికి రాగానే మళ్లీ మెత్తబడడం మొదలుపెడ్తయి, మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో పార్క్ చేసిన కారులో ఆ వేడి రావడం పెద్ద విషయమేం కాదు, ఆ కారు డిక్కీలో మీ విల్లు నారి ఎక్కించే ఉంటే లింబ్ (విల్లులో వంగే చెయ్యి) పొరలు ఏ క్షణమైనా విడిపోవచ్చు. అదే జిగురుని సరిగ్గా వేడి పెట్టి క్యూర్ చేస్తే, అంటే పూర్తిగా గట్టిపడనిస్తే, ఆ మెత్తబడే పాయింట్ బాగా పైకి పోతది. అందుకే నా దృష్టిలో ఇక్కడ ఓవెన్ లగ్జరీ కాదు, విల్లుకి లైఫ్ ఇచ్చేదే అది.

నా పెట్టె సంగతి ముందు చెప్తా. 19 ఎంఎం ప్లైవుడ్, ఆరున్నర అడుగుల పొడుగు, లోపల రాక్‌వూల్ (వేడి బయటికి పోకుండా ఆపే రాతి నార), దాని మీద అల్యూమినియం రేకు. థర్మోకోల్ చవగ్గా దొరుకుతది కదా అని చాలామంది అదే పెడ్తరు, వద్దు, 80 దగ్గర అది కుంచించుకుపోవుడు స్టార్ట్ అయితది. హీటింగ్‌కి మొదట్లో 200 వాట్ల ఫిలమెంట్ బల్బులు మూడు ఉండె, ఇప్పుడు మామూలు షాపుల్లో ఆ బల్బులు దొరకడమే కష్టమైంది, అందుకని రాణిగంజ్‌లో ఫిన్ హీటర్ తీసుకుని పెట్టిన. బల్బులతో ఇంకో ఇబ్బంది కూడా ఉంటది, వాటి వేడి చాలావరకు కిరణాల రూపంలో నేరుగా పోయి దగ్గర్లో ఉన్న చోట పడ్తది, బల్బుకి విల్లుకి మధ్య రేకు అడ్డం పెట్టకపోతే అక్కడొక్క చోటే కాలిపోతది.

ఇక అసలు విషయం, కంట్రోలర్. రెక్స్ సీ100 రకం పీఐడీ (వేడిని చూసుకుంటూ హీటర్‌కి కరెంట్ ఎంత ఇవ్వాలో లెక్కేసే కంట్రోలర్), కే టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సార్ వైరు), 40 ఆంప్స్ ఎస్‌ఎస్‌ఆర్ (హీటర్‌ని ఆన్-ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ రిలే), ఈ మూడూ కోఠి గుజరాతీ గల్లీలోనే కొన్న. కౌంటర్ మీద ఆయన "కోడిగుడ్లకా అన్నా?" అని అడిగిండు, ఎందుకంటే ఇంక్యుబేటర్ చేసేటోళ్లే ఇవి ఎక్కువ తీసుకపోతరంట. విల్లుకి అని చెప్తే ఎస్‌ఎస్‌ఆర్ అవుట్‌పుట్ ఉన్న మోడల్ వేరే, రిలే అవుట్‌పుట్ మోడల్ వేరే అని రెండూ చేతిలో పెట్టి చూపించిండు, ఈ తేడా తెల్వక రిలే మోడల్ కొంటే దానికి ఎస్‌ఎస్‌ఆర్ నేరుగా పనిచెయ్యదు, కొనేముందు పక్కన లేబుల్ చదవండి.

దీనికి ముందు ఎస్‌టీసీ 1000 అనే మామూలు ఆన్-ఆఫ్ కంట్రోలర్ వాడిన. అది పనికిరాదు అనను, సెట్ చేసిన దగ్గర ఆపుతది, తేడా పడంగనే మళ్లీ ఆన్ చేస్తది, అంతే. కానీ హీటర్ ఆఫ్ అయినాక కూడా దాంట్లో మిగిలిన వేడి పెట్టెలోకి వస్తూనే ఉంటది కాబట్టి గాలి సెట్టింగ్ దాటి నాలుగైదు డిగ్రీలు పైకి పోయి తర్వాత కిందికి జారుతది. దాని సెన్సార్ లిమిట్ కూడా 99 డిగ్రీలే. పీఐడీ అట్ల కాదు, సెట్టింగ్ దగ్గరికి వస్తుంటే ముందే కరెంట్ తగ్గించుకుంటూ పోతది, నా పెట్టెలో ఒకసారి సెటిల్ అయినాక ఒక డిగ్రీ అటూఇటూ కంటే కదలదు. ఇంకో లాభం ఏందంటే మా కాలనీలో సాయంత్రం వోల్టేజ్ బాగా పడిపోతది, 230 ఉండాల్సింది 200కి వస్తే హీటర్ పవర్ నాల్గో వంతు తగ్గుతది, పీఐడీ దాన్ని గమనించి హీటర్‌ని ఇంకా ఎక్కువసేపు ఆన్‌లో ఉంచుతది, మనం పట్టించుకోనక్కర్లేదు.

ఆటో ట్యూన్ గురించి ఒక మాట. సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో ఏటీయూ 1 చేస్తే అదే నేర్చుకుంటది, అది అందరికీ తెలుసు. కానీ ఖాళీ పెట్టెతో ట్యూన్ చేస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు, లోపల అచ్చు (విల్లుకి ఆకారం ఇచ్చే దిమ్మ), హోస్ (గాలి నింపి పొరల్ని అచ్చుకి నొక్కే ఫైర్ హోస్ గొట్టం), ఒక పాత లింబ్ అన్నీ పెట్టి పని రోజు ఎట్ల ఉంటదో అట్లనే ట్యూన్ చెయ్యాలె. ఈ వాల్యూలు కరెంట్ పోయినా మెమరీలో ఉంటయి, వచ్చినాక మళ్లీ అదే సెట్టింగ్‌కి ఎక్కుతది.

ఇంత పొగిడినా ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, డిస్‌ప్లే మీద కనిపించే నంబర్ జిగురు వేడి కాదు. అది సెన్సార్ ముక్కు దగ్గరున్న గాలి వేడి. నేను ప్రతి విల్లుకీ ఒక సన్నటి థర్మోకపుల్ వైర్ ముక్కుని రెండు పొరల మధ్య, అంచుకి దగ్గర్లో, తర్వాత అరగదీసేసే చోట జిగురులోనే పెడ్తా, దాన్ని వేరే మల్టీమీటర్‌కి కనెక్ట్ చేస్తా. పెట్టె 82 చూపిస్తున్నప్పుడు ఈ మీటర్ ఇంకా 50ల్లోనే ఉంటది, చాలాసేపు అట్లనే ఉంటది, ఎందుకంటే ప్లైవుడ్ అచ్చు పదిహేను కిలోల మొద్దు, దాని లోపలికి వేడి దిగాలంటే టైం పడ్తది. విల్లులు చేసేవాళ్లు చాలామంది చెప్పే 180 ఫారెన్‌హీట్, అంటే 82 డిగ్రీలు, నాలుగు గంటలు అనే లెక్క జిగురు ఆ వేడికి చేరినాక మొదలుపెట్టాలె గానీ స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. మీ జిగురు వేరేదైతే దాని డేటా షీట్‌లో వేడికి, టైంకి పట్టిక ఉంటది, అదే ఫాలో అవ్వండి, వేడి పెరిగేకొద్దీ టైం తగ్గుతది.

డైరెక్ట్‌గా 82కి కూడా పెట్టను. ఎపాక్సీ వేడెక్కంగనే నీళ్లలా పల్చబడ్తది, గట్టిపడకముందే పక్కల నుంచి కారిపోతే లోపల జిగురు సరిపోక జాయింట్ ఎండిపోతది. ముందు 45 దగ్గర గంటసేపు ఉంచి తర్వాత పైకి ఎక్కిస్తా. సీ100లో ఇట్ల మెట్లు మెట్లుగా ఎక్కించే ప్రోగ్రాం లేదు, టైమర్ కూడా లేదు, చేత్తోనే మార్చాలె. ఇది నాకు దీంట్లో ఉన్న పెద్ద లోటు. పైగా బయట పెట్టుకున్న టైమర్‌కి మధ్యలో కరెంట్ పోయిన సంగతి తెల్వదు, అందుకే నేను మీటర్ చూసుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకుంటా.

ఫ్యాన్ లేకపోతే ఏ కంట్రోలరూ ఏం చెయ్యలేదు. హీటర్ పక్కన ఒక లింబ్, దూరంగా ఇంకో లింబ్ ఉంటే దోసె పెనం మధ్యలో మాడి అంచులు పచ్చిగా మిగిలినట్టే అయితది. హీటర్ వెనక నుంచి ఊదే చిన్న ఫ్యాన్ ఒకటి, అటు చివర గాలిని తిప్పి పంపే రేకు ఒకటి పెట్టినాక రెండు చివర్ల మధ్య తేడా రెండు మూడు డిగ్రీలకి దిగింది. చవక ప్లాస్టిక్ ఫ్యాన్లు ఆ వేడికి ఎక్కువ కాలం ఉండవు, మోటర్ బయట ఉండి రెక్కలు మాత్రమే లోపల తిరిగేట్టు పెడితే మంచిది.

సెన్సార్ చెక్ చేసుకోవడం చాలా ఈజీ. ఐస్ ముక్కలు కలిపిన నీళ్లల్లో సున్నా చూపించాలె. మరిగే నీళ్లల్లో 100 కాదు, హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైన ఉంటది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దాటి కొంచెం దగ్గరే మరుగుతయి. అక్కడ 100 చూపించిందంటే మీ సెన్సార్ రెండు డిగ్రీలు ఎక్కువ చెప్తున్నట్టు లెక్క.

ఫైర్ హోస్‌తో ప్రెజర్ ఇచ్చేవాళ్లకి ఇది కూడా. గాలి వేడెక్కితే ప్రెజర్ పెరుగుతది, 30 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ నింపితే హోస్ సాగకపోతే 82 దగ్గర అది 72-73కి పోతది. ఆ లెక్క చూసుకుని ముందే కొంచెం తక్కువ నింపుత. క్యూరింగ్ అయినాక ఆఫ్ చేసి మూత తీయకుండా తెల్లారేదాకా వదిలేస్తా, వేడి మీద ఉన్నప్పుడు గాలి తీసేస్తే ఇంకా మెత్తగున్న జిగురు మీద పొరలు వెనక్కి లాగుతయి.

సేఫ్టీ దగ్గర మాత్రం దయచేసి కక్కుర్తి పడకండి. ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువసార్లు ఆన్‌లోనే అతుక్కుపోతది, నాది ఒకటి అట్లనే పోయింది, పీఐడీ ఆఫ్ చెయ్యమని చెప్తనే ఉంది, హీటర్ మాత్రం ఆగట్లే. ఆ రోజు పెట్టె కాలకుండా ఆపింది హీటర్ లైన్‌లో సిరీస్‌లో పెట్టిన 110 డిగ్రీల థర్మల్ కటాఫ్. పది ఇరవై రూపాయల పార్టు అది. లోపలి అల్యూమినియం రేకుకి ఎర్తింగ్, పెట్టెకి సెపరేట్ ఎంసీబీ కూడా ఉండాలె.

ఎవరికి ఏది అంటే, ఏడాదికి ఒకటి రెండు విల్లులు చేసుకునేవాళ్లు ఎస్‌టీసీ 1000 పెట్టుకుని మిగిలిన డబ్బులు రాక్‌వూల్ మీద, ఫ్యాన్ మీద పెట్టండి, అదే ఎక్కువ పనిచేస్తది. రెగ్యులర్‌గా చేసేవాళ్లు, ఖరీదైన బయటి ఫైబర్ గ్లాస్ తెప్పించుకునేవాళ్లు పీఐడీకే పోండి, కుదిరితే మెట్లు మెట్లుగా ప్రోగ్రాం చేసే మోడల్ చూడండి. నేను ఈసారి మార్చితే అదే తీసుకుంటా.