కొత్త బ్యాటరీలు వేశాక లారీ స్టార్ట్ కాలేదు: ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ పనికి నాలుగు స్టార్లు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ వైరింగ్ పని ఎవరికివ్వాలని అడిగేవాళ్ల కోసం రాస్తున్నా. షాపంటే పెద్ద షాపేం కాదు, రేకుల షెడ్డు. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఒక పెద్దాయన, ఒక కుర్రాడు, అంతే.

నా బండి 2016 మోడల్, పది టైర్లది. నెల రోజుల నుంచి పొద్దున పూట సెల్ఫ్, అంటే ఇంజిన్‌ని తిప్పి లేపే మోటారు, బరువుగా తిరుగుతోంది. బ్యాటరీలు కొని మూడేళ్లు దాటింది కదా అని హైవే మీద ఒక షాపులో రెండూ మార్పించేశాను. పాతవి వాళ్లకే ఇచ్చేసి పైన 21 వేలు కట్టాను. బిగించడం అయిపోయింది, కీ తిప్పాను. టక్. అంతే. మామూలుగా చూస్తే లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ కొడితే మాత్రం టక్‌మని అన్నీ ఆరిపోతాయి, కీ వదలగానే మళ్లీ వస్తాయి. షాపాయన మీటర్ కూడా తీయకుండా "బ్యాటరీలు కొత్తవి కదండీ, మీ సెల్ఫ్ జామ్ అయింది, దింపాల్సిందే" అన్నాడు. తనకు తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేసి ఆరున్నర వేలని రేటు కూడా చెప్పించాడు. వెనక బియ్యం లోడు, మర్నాడు చెన్నైలో దించాలి. చెయిన్ కట్టి వేరే బండితో లాగిద్దామంటే ట్యాంకుల్లో గాలి దిగిపోయింది, గాలి లేకపోతే వెనక బ్రేకులు వదలవు. టెన్షన్ ఎలా ఉంటుందో బండి నడిపేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పక్కన టీ తాగుతున్న డ్రైవర్ ఒకాయన ఈ పెద్దాయన సంగతి చెప్పాడు. గంటన్నరకి వచ్చాడు, టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద, ముందు సంచిలో సామాను. వచ్చీ రాగానే "సెల్ఫ్ దింపారా?" అని అడిగాడు. లేదు బాబాయ్ అన్నాను. "బతికిపోయావ్ అబ్బాయ్" అన్నాడు.

ముందు రెండు బ్యాటరీల మధ్య లింకు చూశాడు. ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి వెళ్తేనే 24 వోల్టులు, తొందరలో ప్లస్‌కి ప్లస్ కలిపేసి 12 వోల్టులతో లారీని లేపాలని చూసేవాళ్లు కూడా ఉన్నారట. మాది సరిగానే ఉంది. మీటర్ పెడితే 25.2 చూపించింది, అంటే ఫుల్ చార్జ్. బ్యాటరీ పోస్టులకు కేబుళ్లు బిగించే క్లాంపులు చేత్తో తిప్పి చూశాడు, కదల్లేదు. ఆ తర్వాత చేసిన పని నేను పదిహేనేళ్లలో ఎవరి దగ్గరా చూడలేదు. మీటర్ వైరు ఒకటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఛాసిస్ (బండి ఇనుప ఫ్రేము) మీద గీకిన చోట పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. అక్కడ అర వోల్టు కూడా రాకూడదట, పదిహేను దాకా ఎగిరింది! అంటే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లి తిరిగి వచ్చే దారిలోనే ఆగిపోతోంది. లైట్లకు ఎంతోకొంత కరెంటు చాలు కాబట్టి సన్నటి దారిలోనైనా వెలుగుతాయి, సెల్ఫ్‌కి వందల ఆంపియర్లు కావాలి.

నమ్మకం కుదరక నేను ఇంకా సెల్ఫ్ వైపే చూస్తుంటే, లావుపాటి కేబుల్ ఒకటి తీసి మైనస్ పోస్టు నుంచి నేరుగా ఇంజిన్ బోల్టుకి కలిపి "ఇప్పుడు కొట్టు" అన్నాడు. ఒక్క దెబ్బకి లేచింది.

తర్వాత బ్యాటరీ మైనస్‌ని ఛాసిస్‌కి కలిపే ఎర్త్ కేబుల్ విప్పి నా చేతిలో పెట్టాడు. పైన తొడుగు చూస్తే కొత్తదానిలా ఉంది. కేబుల్ చివర బోల్టుకి బిగించే లగ్గు దగ్గర బ్లేడుతో కోస్తే లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టి పొడిలా రాలింది, పట్టుకుని ఉన్నవి లెక్కపెడితే ఏడెనిమిది తీగలు. బ్యాటరీ మార్చేటప్పుడు క్లాంపు రాక మెలితిప్పి లాగినప్పుడు మిగతావి తెగి ఉంటాయన్నాడు. సెల్ఫ్ బరువుగా తిరగడానికీ ఇదే కారణమై ఉండొచ్చు అన్నాడు, ఆ మాటకి మాత్రం కడుపు మండింది. పాత బ్యాటరీలను ఒక్కసారి చెక్ చేయించి ఉంటే ఆ 21 వేలు మిగిలేవేమో. ఇప్పుడు అవి ఏ తుక్కు కొట్టులో ఉన్నాయో.

కొత్త కేబుల్ కొలిచి కోసి, లగ్గులు నొక్కి, ఛాసిస్ మీద పెయింటు, తుప్పు తెల్లగా మెరిసేదాకా గీకి బిగించి, పైన గ్రీజు రాశాడు. మళ్లీ అదే మీటర్ పరీక్ష, ఈసారి 0.2. డైనమో చార్జింగ్ కూడా చూశాడు, 28 వోల్టుల చిల్లర వచ్చింది. కేబుల్‌తో కలిపి మొత్తం 1,100 తీసుకున్నాడు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, బిల్లు ఇవ్వడు. కంపెనీ బండ్లవాళ్లకి అది ఇబ్బందే. పని మధ్యలో టీకి వెళ్లి ఇరవై నిమిషాలు రాలేదు, నేనేమో గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఫోన్ పేకి స్కానర్ ఉంది, అది కొడుకుదట. ఆన్‌బోర్డ్ కంప్యూటర్ ఉన్న బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లు తాను ముట్టుకోనని ముందే చెప్పేస్తాడు, అది నాకు నచ్చింది.

ఆదివారం షెడ్డు తీయడు, ఫోన్ ఎత్తడం కూడా తక్కువే. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే ఖాళీగా దొరుకుతాడు.