ఎలానో పేరున్న జెర్సీ దొరికిన దుకాణం

మా అబ్బాయి పుట్టినరోజుకు బ్రెజిల్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ ఎలానో పేరు వేయించిన పసుపు జెర్సీ ఇవ్వాలనుకొని, హన్మకొండ చౌరస్తా దగ్గర ఉన్న ఒక ఆటసామాన్ల దుకాణానికి వెళ్లాను. అక్కడ ఎక్కువమంది నెయ్‌మార్ పేరే అడుగుతారట. నేను ఎలానో అనగానే యజమాని ముఖం వెలిగిపోయింది. “2010 వరల్డ్‌కప్‌ల ఏసుకున్న ఏడో నంబరే గద సార్?” అన్నారు. ఆ ఒక్క మాటతోనే నాకు ఆ దుకాణం మీద గురి కుదిరింది.

శాంటోస్ తరఫున 2002, 2004లలో బ్రెజిల్ లీగ్ గెలిచి, ఉక్రెయిన్‌లో షక్తార్‌కు, ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ సిటీకి, టర్కీలో గలతసరాయ్‌కు ఆడి, తిరిగి స్వదేశపు క్లబ్బులలో కొనసాగిన ఎలానో, 2014లో చెన్నైయిన్ జట్టులో చేరి తొలి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోనే 8 గోల్సుతో, అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవారికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు. 2010 వరల్డ్‌కప్‌లో ఉత్తర కొరియాపై, ఐవరీ కోస్ట్‌పై వరుసగా గోల్స్ చేసిన ఆటగాడు ఆ రెండో మ్యాచ్‌లోనే కాలికి దెబ్బ తగిలి టోర్నీకి దూరం కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ముద్రణ విషయానికి వస్తే, మొదటిసారి వేడి ప్రెస్ కింద చివరి అక్షరం కొంచెం పక్కకు ఒరిగింది. నేను చెప్పకముందే యజమాని గమనించి, అదనంగా ఏమీ తీసుకోకుండా కొత్త చొక్కాపై మళ్లీ వేశారు. తిరగేసి చల్లనీళ్లలో ఉతకాలనీ, అక్షరాలపై ఇస్త్రీ పెట్టరాదనీ చెప్పారు. అలాగే చేశాను, నాలుగు ఉతుకులైనా అంచు లేవలేదు. గుడ్డ మాత్రం పలుచన. పిల్లల సైజులు తక్కువగా ఉన్నందున ముందుగా అడిగి వెళ్లడం మంచిది.