పాత కారు ఫ్యూయల్ లైన్లు మార్పిస్తున్నారా? జాగ్రత్త, పాత పైపుకే రంగేసి ఇస్తున్నారు

పద్మిని, అంబాసిడర్ లాంటి బండ్లున్న బెంగళూరు తెలుగువాళ్లు దయచేసి చదవండి. ఫ్యూయల్ లైన్ మొత్తం మార్చానని 14,500 తీసుకుని, పాత పైపుకే నల్ల రంగు కొట్టి ఇచ్చాడు ఒక మహానుభావుడు. షెడ్డు పేరు రాయడం లేదు. "ఫియట్ అంటే ఈ ఊళ్లో నేనే" అని చెప్పుకు తిరిగేది ఎవరో పాత బండ్ల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నాది 1984 ప్రీమియర్ పద్మిని. నాన్నగారి బండి, ఆ కథంతా ఇక్కడొద్దు. ఇప్పుడు ఏ బంకుకి వెళ్లినా ఈ20 పెట్రోలే పోస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో దాన్ని విడుదల చేసింది కూడా ఈ బెంగళూరులోనే. ఆ 20 శాతం ఇథనాల్‌కి పాతకాలం రబ్బరు గొట్టాలు ఆగవు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, ఆఖరికి పగులుతాయి. తేమ పీల్చుకునే గుణం ఉంది కాబట్టి ట్యాంకులో తుప్పు. ఏళ్ల తరబడి లోపల పేరుకున్న జిగురు ఊడొచ్చి కార్బొరేటర్ జెట్‌లో అడ్డం పడటం అదనం. అందుకే ట్యాంకు కడిగించి, అక్కడినుంచి కారు కింద ముందు పంపు దాకా వచ్చే లోహపు పైపు, దాని రెండు చివర్ల రబ్బరు గొట్టాలు, పంపు నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే గొట్టం, అన్నీ ఒకేసారి మార్పిద్దామని ఇచ్చాను.

అన్నీ ముందే మాట్లాడుకున్నాం. రాగి పైపు వేస్తానన్నాడు, తుప్పు పట్టదట. బండి అదురుకి రాగి గట్టిపడి చివర్ల దగ్గర చీలుతుంది, స్టీలే వెయ్యండి అన్నాను. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 (ఇథనాల్ కలిసిన పెట్రోలుని తట్టుకునే గొట్టాల గ్రేడు) అన్న అచ్చు ఉండాలని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. "మీకు చెప్పేదేముంది సార్, మీరే సగం మెకానిక్" అన్నాడు. మాటల్లో "మాది మదనపల్లి సార్" అన్నాడు. మాది పీలేరు. ఇంకేముంది, టీ వచ్చింది, ఊరి కబుర్లు వచ్చాయి, అడ్వాన్స్ అడగకముందే యూపీఐ కొట్టేశాను.

బిల్లులో "వింటేజ్ లేబర్" అని ఒక లైను. చట్టం ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి. వీడి బిల్లు పుస్తకంలో మాత్రం నా పద్మినికి అప్పుడే ఆ హోదా వచ్చేసింది. పాత పైపు ఏదని అడిగితే "స్క్రాప్ వాడు పట్టుకుపోయాడు సార్" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. గుప్పున పెట్రోలు వాసన. పక్క ఆటో అతనే ముందు పసిగట్టి "ఆఫ్ మాడి సార్" అని అరిచాడు. బండిని పక్కకి తోసి బానెట్ ఎత్తితే, పంపు దగ్గర గొట్టం చెమట పట్టినట్టు తడిగా ఉంది. గాట్లున్న చవక క్లిప్పు రబ్బరులోకి దిగబడి చర్మం కోసినట్టు కోసేసింది. గొట్టాన్ని చుట్టూ తిప్పి చూశాను. ఆర్9 కాదు కదా, ఒక్క అక్షరం లేదు. నున్నటి నల్ల గొట్టం, దాని మీద ఒక పసుపు గీత. టైర్లకు గాలి పట్టే షాపుల్లో చూస్తుంటాం, ఆ రకం. కింద ఇంజిన్ వేడికి సెగలు కక్కుతోంది. వెనక సీట్లో నా కూతురు.

ఇంటికి తోయించుకొచ్చాక ఫోన్ లైట్ వేసుకుని కారు కిందికి దూరాను. "కొత్త" పైపుని తాళంచెవితో గీకితే రంగు పెచ్చులుగా లేచి, కింద తుప్పు గుంటలు బయటపడ్డాయి. అంతకన్నా గొప్ప సంగతి, వెనక యాక్సిల్ దగ్గర ఒక సొట్ట. ఎప్పుడో కుప్పం దారిలో రాయి తగిలి పడిన సొట్ట అది. కొత్త పైపు వేసి, దానికి పాత సొట్ట కూడా సరిగ్గా అదే చోట పెట్టి ఇచ్చాడన్నమాట. ఎంత శ్రద్ధ!

ఫోటోలు, బిల్లు పట్టుకుని వెళ్లాను. షెడ్డులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు. సొట్ట ఫోటో చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"పైపు బాగానే ఉంది సార్, అందుకే మార్చలేదు. మీకు మంచే చేశాను."

మరి బిల్లు? "కుర్రాడు రాశాడు."

మరి గొట్టం? "అదీ పెట్రోలుదే. జేసీ రోడ్డులో అదే అమ్ముతారు."

సిగ్నల్ దగ్గర బండిలో పాప ఉంది, నిప్పంటుకుంటే ఏంటి పరిస్థితి అని అడిగాను. గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను. అప్పటిదాకా సార్ అన్నవాడు, "నలభై ఏళ్ల డబ్బాకి ఇంత పంచాయితీ ఏంటన్నా? అంత భయమైతే ఎలక్ట్రిక్ కారు కొనుక్కో పో" అన్నాడు. అని, కుర్రాడి వైపు తిరిగి కన్నడలో "గుజరీకి వేసేయమను", అంటే తుక్కుకి వేసేయమను, అని నవ్వాడు. కుర్రాడూ నవ్వాడు. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నవాడికి ఆ మాత్రం కన్నడ రాదనుకున్నాడో, వచ్చినా ఏం చేస్తాడులే అనుకున్నాడో! పాప గురించి చెప్పిన మాటకి వాడిచ్చిన జవాబు అది. రెండు రాత్రులుగా అదే చెవుల్లో తిరుగుతోంది.

పైసా వెనక్కివ్వలేదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు కూడా లేదని ఇంటికొచ్చాక చూశాను, శభాష్ నేను. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, చూద్దాం. ఊడదీసిన గొట్టం ముక్కని రాత్రంతా పెట్రోలు సీసాలో వేసి ఉంచాను. పొద్దున్నకి పెట్రోలు టీ డికాషన్ రంగులో ఉంది, గొట్టం ఉబ్బి పంపు ముక్కుకి వదులైపోయింది. ఫోటో తీసి వాడికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

మీరు ఇలాంటి పని ఇస్తే పాత పైపు చేతికి ఇస్తేనే డబ్బులని ముందే చెప్పండి. గొట్టం మీద అచ్చు చూసుకోండి, క్లిప్పు అంచులు మడిచినవి అడగండి. పంపు తర్వాత లీకైతే పెట్రోలు బయటికి వచ్చి వాసనకి దొరుకుతుంది. పంపుకి ముందు లీకైతే గాలి పీల్చుకుని బండి జర్కులిస్తుంది, దాన్ని కార్బొరేటర్ ట్యూనింగ్ అని చెప్పి ఇంకో బిల్లు వేస్తారు. కారులో ఒక చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి, నేను నిన్ననే కొన్నాను.

బండి ప్రస్తుతం బేస్‌మెంట్‌లో పడి ఉంది. బెంగళూరులో స్టీలు పైపు సరిగ్గా వంచి, చివర్లు డబుల్ ఫ్లేర్ చేసి (లీకవకుండా అంచుని రెండు మడతలుగా విప్పార్చి) ఇచ్చేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి. మన జిల్లా వాళ్లే కానక్కర్లేదు.