జాగ్రత్త: ‘100% మెరినో’ అని అమ్ముతున్న చవక థర్మల్స్‌తో బ్యాక్‌కంట్రీకి వెళ్లకండి

ఈ చలికాలం బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ (రిసార్టులూ లిఫ్టులూ లేని కొండల్లో చేసేది) మొదలుపెడదామని ఆన్‌లైన్‌లో బట్టలు కొంటున్నారా? డబ్బు కట్టేముందు కార్ట్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి.

నేనుండేది డెన్వర్‌లో. మూడేళ్లుగా రిసార్టుల్లో స్కీయింగ్ చేస్తున్నాను. పోయిన జనవరిలో మొదటిసారి లిఫ్టులు లేని కొండకు, బర్థడ్ పాస్‌కు, ముగ్గురం వెళ్లాం. మంచు కింద కూరుకుపోయినవాళ్లను వెతికి తీసే బీకన్, ప్రోబ్, పార కొనడానికి వెనకాడలేదు, అవలాంచ్ (మంచు విరిగిపడటం) కోర్సుకూ డబ్బు కట్టాను. తీరా ఒంటికి తగిలే బట్ట, అదే బేస్ లేయర్, దగ్గరకొచ్చేసరికి కక్కుర్తి పడ్డాను. మంచి మెరినో (మెత్తటి గొర్రె ఉన్ని) టాప్ ఒక్కటే 100 డాలర్ల దాకా ఉంది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర టాపూ ప్యాంటూ కలిపి 42 డాలర్లకే దొరికాయి. పేజీ నిండా పెద్ద అక్షరాలతో ‘100% మెరినో’, దాని కింద ఒక గొర్రె బొమ్మ. గొర్రెను చూసి కొన్నాను, గొర్రెనయ్యింది నేను.

రిసార్టులో లిఫ్ట్ ఎక్కి కూర్చుంటే పైకి తీసుకెళ్తుంది. ఇక్కడ స్కీల అడుగున, వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే స్కిన్స్ అనే పట్టీలు అంటించుకుని మన కాళ్లతోనే ఎక్కాలి. బర్థడ్ పాస్‌లో రోడ్డే 11,307 అడుగుల ఎత్తులో ఉంటుంది, కారు దిగిన చోటే ఆయాసం వస్తుంది. ఆ పొద్దున 8 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 13 సెల్సియస్. మాతో వచ్చిన అన్నయ్యకు ఇందులో అనుభవం ఉంది. “పైజాకెట్ తీసి బ్యాగులో పెట్టేయ్ తమ్ముడూ, బయలుదేరేటప్పుడు కాస్త చలేయాలి” అన్నాడు. తీసేశాను. అయినా ఇరవై నిమిషాలకే వీపు తడిసింది.

ఎక్కేటప్పుడు చెమట పట్టడం మామూలే. బేస్ లేయర్ సరైనదైతే ఆ తడిని చర్మం మీద నుంచి లాగి బయటికి వదిలేస్తుంది. నాది ఒక్క చుక్క కూడా వదల్లేదు. బ్యాగు పట్టీల కింద, నడుము చుట్టూ, పిండని తువ్వాలులా అంటుకుపోయింది.

పైకి చేరాక గాలి కొట్టింది. స్కిన్స్ పీకి మడవాలి, బూట్లు బిగించాలి, అంతా కలిపి పది నిమిషాల పని. పఫ్ఫీ (మెత్త నింపిన వెచ్చటి) జాకెట్ వేసుకున్నాను గానీ దాని లోపల తడి అలాగే ఉంది, వీపు మీద ఐసుగడ్డ కట్టినట్టు. నీరు, గాలి కన్నా దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. స్కిన్ మూల పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోవడం లేదు, అన్నయ్యే వచ్చి పీకాడు. రెండోసారి ఎక్కడం మానేసి దిగిపోయాం. నా మూలంగా వాళ్ల రోజు కూడా పాడైంది.

ఇంటికొచ్చి, అంచు నుంచి నాలుగు దారాలు లాగి సింకులో పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, మంట తీయగానే ఆరిపోవాలి, బూడిద వేళ్ల మధ్య నలగాలి. ఇది చిత్తుకాగితంలా భగ్గుమంది, చివర్న నల్లటి గట్టి పూస మిగిలింది. కాగితంలా మండితే నూలు, పూస కడితే పాలిస్టర్. అంటే ఇది రెండూ కలిపిన బట్ట, ఉన్ని వాసనే లేదు. గుంటూరు ఎండల్లో నూలును మించిన బట్ట లేదు, చెమటను పట్టి ఉంచి ఒంటిని చల్లబరుస్తుంది. మంచు కొండ మీద కూడా అదే పని చేస్తుంది, అదే ప్రమాదం.

లేబుల్ ముందే చూడాల్సింది. అమెరికాలో 1939 నాటి ఉన్ని లేబుల్ చట్టం ప్రకారం ఏ నార ఎంత శాతమో, ఏ దేశంలో తయారైందో, తయారీదారు పేరో ఆర్‌ఎన్ నంబరో (కంపెనీ రిజిస్టర్డ్ నంబరు) ఉండి తీరాలి. ఆ నంబరు ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) వెబ్‌సైట్‌లో కొడితే కంపెనీ ఏదో తెలుస్తుంది. నా టాప్ మెడ దగ్గర ‘మెరినో బ్లెండ్’ అని అచ్చు ఉంది, పక్క కుట్టులో సైజు ముక్క తప్ప ఇంకేమీ లేదు. అమ్మినవాళ్లకు రాస్తే, ఉతికిన బట్ట వాపసు తీసుకోం అన్నారు. తర్వాత, నేను పెట్టిన రివ్యూ తీసేస్తే 15 డాలర్లు ఇస్తామన్నారు. నేను తీయలేదు. క్రెడిట్ కార్డ్ కంపెనీలో డిస్ప్యూట్ వేస్తే, పేజీ స్క్రీన్‌షాటూ మెడ దగ్గరి అచ్చు ఫొటోనూ చూసి మొత్తం వెనక్కి ఇచ్చారు. కొనేటప్పుడే ఆ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పేజీ ఉండదు.

చవకగా కొనడం తప్పని చెప్పడం లేదు. లేబుల్ మీద నిజాయితీగా పాలిస్టర్ అని రాసిన 20 డాలర్ల రన్నింగ్ షర్టు వేసుకుని ఉంటే ఆ రోజు హాయిగా గడిచేది. కంపు కొడుతుంది, అంతే. ఇప్పుడు నేను ఎక్కేది దానితోనే. పైన పల్చటి ఫ్లీస్, చంకల కింద జిప్పులున్న షెల్ (గాలినీ నీళ్లనూ ఆపే పైజాకెట్) బ్యాగులో, ఆగినప్పుడు పఫ్ఫీ. షెల్ కొనేటప్పుడు ‘10,000 వాటర్‌ప్రూఫ్’ అని, బట్ట నీటిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఒక్కటే చూడకండి, తిరగేసి కుట్లన్నిటికీ టేపు ఉందో లేదో చూడండి. సాక్సూ లోదుస్తులూ కూడా నూలువి వద్దు. పొడి షర్టు ఒకటి ప్లాస్టిక్ కవర్లో అడుగున ఉంటుంది, పైన గాలికి ముందే మార్చేస్తాను.

ఆ అమ్మకందారు పేరు మార్చుకుని అదే సెట్‌ను మళ్లీ పెట్టాడు, ఈసారి 39 డాలర్లకు. గొర్రె బొమ్మ మాత్రం మార్చలేదు. దాని ఎడమ చెవి విరిగినట్టు ఉంటుంది, గుర్తుపట్టొచ్చు.