బాల్మోరల్ జింకల వేట: మైనపు కాగితమా, తడి గాజు పలకా?

విక్టోరియా రాణి కుటుంబం 1852లో కొన్న స్కాట్లాండ్ ఎస్టేట్ బాల్మోరల్. అక్కడి జింకల వేటను ఫొటో తీయాలంటే అప్పట్లో రెండు దారులు.

మైనం పట్టించిన కాగితం నెగటివ్‌ను ముందే సిద్ధం చేసుకుని, కొండ దిగాక తీరిగ్గా కడగొచ్చు. కానీ ఎక్స్‌పోజర్‌కు, అంటే నెగటివ్ మీద వెలుగు పడనివ్వడానికి, నిమిషాలు పడుతుంది.

1851లో వచ్చిన తడి కొలోడియన్ (జిగురులాంటి ద్రవం) పూత పూసిన గాజు పలకకు కొన్ని సెకన్లు చాలు. అయితే పూత ఆరేలోపే, అంటే దాదాపు పది పదిహేను నిమిషాల్లోనే, ఫొటో తీసి కడిగేయాలి. అందుకని కొండ మీదికి చీకటి గుడారం, రసాయనాల సీసాలు మోసుకెళ్లాలి. ఎంత టెన్షనో! అయినా నా ఓటు దీనికే. 1856లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ బాల్మోరల్‌లో వేట సహాయకులను ఫొటో తీశాడు. మనుషుల ముఖాలు అంత స్పష్టంగా కాగితం మీద రావు.

పరుగెత్తే జింక మాత్రం రెండింటికీ చిక్కదు. అందుకే ఆనాటి వేట ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది చనిపోయిన జింకే.