ఘాట్ రోడ్డు ఎక్కే పాత ఇన్నోవా: పన్నెండేళ్ల ఖర్చుల పుస్తకం

మా ఇన్నోవా 2009 బండి, ఏపీ 03 నంబరు. 2013లో చిత్తూరులో ఒక రిటైరైన ఉపాధ్యాయుడి దగ్గర కొన్నప్పుడు మీటరు 78,000 చూపించింది. ఇప్పుడు 2,64,000 దాటింది. 2,494 సీసీ డీజిల్ ఇంజిను, 102 అశ్వశక్తి, ఐదు గేర్లు. ఇంట్లో అమ్మానాన్నలతో కలిపి ఏడుగురం కాబట్టి చిన్న కారు గురించి ఆలోచించే అవకాశమే లేకపోయింది. “అంత పెద్ద ఇంజిన్‌కు డీజిలే మింగేస్తుంది” అని బంధువులు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కొన్న రోజునే నాన్న డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటు పుస్తకం పెట్టారు. బంకులో పోయించిన ప్రతి లీటరూ, షెడ్డులో ఇచ్చిన ప్రతి రూపాయీ అందులో ఉంది. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందు డీజిల్ సంగతి. తిరుపతి ఊళ్లో లీటరుకు పదకొండు కిలోమీటర్లు వస్తుంది. పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లినప్పుడు ఎనభై దాటకుండా నడిపితే పద్నాలుగు. తిరుమల ఎక్కేటప్పుడు ఎనిమిది వస్తే సంతోషిస్తాను. అన్నీ కలిపి సగటు పన్నెండున్నర. 2024లో ఇక్కడ లీటరు సుమారు 97 రూపాయలు కాబట్టి కిలోమీటరుకు ఏడు రూపాయల డెబ్బై ఐదు పైసలు పడింది. వేలూరు వైపు లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ. ఆసుపత్రి పనిమీద అటు వెళ్లినప్పుడు తప్పకుండా ట్యాంకు నింపించుకుంటాం. దానికోసమే చిత్తూరు నుంచి వెళ్లడం మాత్రం దండగ. యాభై లీటర్ల మీద మిగిలేది రెండు వందల యాభై, రానూపోనూ కాలే డీజిల్ అంతకు రెట్టింపు. ఇది కూడా నాన్న పుస్తకంలో లెక్క వేసి పెట్టిన విషయమే.

పెద్ద ఇంజిన్ అన్నందుకు నేను నిజంగా బాధపడేది బీమా దగ్గర. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1,500 సీసీ దాటిన సొంత కారుకు థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ప్రీమియం ఏడాదికి 7,897 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 9,318. అదే 1,000 నుంచి 1,500 సీసీ లోపు బండికి 3,416 మాత్రమే. బండి ధర ఎంత పడిపోయినా, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ఇందులో తేడా ఉండదు. యజమానికి చేయించే ప్రమాద బీమా దీనికి అదనం. సొంత నష్టానికి బీమా చేయించడం నేను మూడేళ్ల కిందటే మానేశాను.

ఇక మరమ్మతులు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే పుస్తకంలో అన్నింటికంటే పెద్ద అంకె నా నిర్లక్ష్యం వల్ల పడింది. 2020 చలికాలంలో ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు టక్ టక్‌మని శబ్దం వచ్చేది. ఇంజిన్ వేడెక్కితే పోయేది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల అడుగున సందు మూసే రాగి వాచర్లు (పల్చటి రింగులు) అరిగి ఉంటాయి, మార్పిద్దామని మెకానిక్ చెప్పాడు. నాలుగైదు వేల పని. పండుగ అయ్యాక చూద్దామన్నాను. ఆ తర్వాత మరిచిపోయాను. ఏడాది తిరిగేసరికి, ఇంజిన్ ఆపకుండా బండి నిలిపి ఉంచినప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమనడం మొదలైంది.

ఒక పెద్ద సర్వీసు కేంద్రంలో ఇంజెక్టర్లు నాలుగూ కొత్తవి వేయాలని లక్ష దాటిన అంచనా చేతిలో పెట్టారు. బండిని మళ్లీ మా మెకానిక్ దగ్గరకే తీసుకొచ్చాను. అడుగున ఆయిల్ చాంబరు విప్పి, పంపుకు ముందుండే జల్లెడను బయటికి తీశాడు. స్క్రూడ్రైవరు మొనతో గీకితే తారులాంటి నల్లటి ముద్ద పెచ్చులుగా ఊడింది. సగానికి పైగా కన్నాలు మూసుకుపోయాయి. వాచర్ల సందుల్లోంచి కాలిన పొగ కిందికి దిగి ఆయిల్‌లో మసిగా కలుస్తుంది, ఆ మసి ఇక్కడ పేరుకుంటుంది. ఇంకొన్నాళ్లు అలాగే తిప్పితే ఆయిల్ అందక ముందు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం), వెనుకే ఇంజినూ పోయేవి. “వాచర్లు అప్పుడే మార్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంజెక్టర్లను డీజిల్ ల్యాబులో పరీక్ష చేయిస్తే రెండే పాడైనట్టు తేలింది. అవి రెండు, వాచర్లు, శుభ్రం చేసిన కూలీ అన్నీ కలిపి 54,000 రూపాయలు. ఇలాంటి బండి కొనేవారు ముందుగా ఉదయం చల్లటి ఇంజిన్ శబ్దం వినండి. సాయంత్రం వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు.

అప్పటి నుంచి ఎనిమిది వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్పిస్తున్నాను. దాదాపు ఏడు లీటర్లు పడుతుంది. చిన్న కారుకు పట్టేదానికి ఇది రెట్టింపు, కాబట్టి ప్రతి సర్వీసులోనూ ఆ తేడా తెలుస్తుంది. వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. అది తెగితే వాల్వులు వంగుతాయి. క్లచ్ రెండుసార్లు, ఏసీ కూలింగ్ కాయిలు ఒకసారి, ముందు చక్రాల కింది బుష్‌లు మూడుసార్లు మార్పించాను. గత మూడేళ్ల సగటు తీస్తే సర్వీసులూ మరమ్మతులూ కలిపి ఏడాదికి 46,000. పదిహేను వేల కిలోమీటర్లు తిరిగిన ఏడాదిలో డీజిల్, బీమా, టైర్ల అరుగుదల అన్నీ కలిపితే కిలోమీటరుకు పన్నెండు రూపాయలు.

ఆ పన్నెండు రూపాయలకు ఏమి వస్తోందో తిరుమల ఎక్కినప్పుడు తెలుస్తుంది. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో, ఏడుగురం, పైన సామాను, ఏసీ వేసి ఉండగా, మలుపు దగ్గర రెండో గేరుకు దించితే చాలు, యాక్సిలరేటరు అదిమే పనిలేకుండా లాగుతుంది. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోంచి కదలదు. మేలో కూడా. దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో. అక్కడ కూడా రెండో గేరులోనే ఉంచితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. దిగడానికి నలభై నిమిషాలకు తగ్గకూడదన్న నియమం ఉంది, అది పాటించే ఓపిక ఉంటే బ్రేకులకు పని తక్కువ. నా బ్రేక్ ప్యాడ్లు నలభై వేల దాకా వస్తున్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పి. ఆమె వంగకుండా ఎక్కి దిగగలిగే ఎత్తు ఉన్న సీటు ఇది. దానికి నేను వెల కట్టలేను.

పదిహేనేళ్లు నిండడంతో 2024లో ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) పునరుద్ధరించుకున్నాను. 2022 మార్చి దాకా 600 రూపాయలున్న రుసుము ఇప్పుడు 5,000. హరిత పన్ను వేరే. తనిఖీకి ముందు లైట్లు, వెనుక బంపరు సరిచేయించడానికి ఇంకో నాలుగు వేలు. 2029 దాకా దిగులు లేదు, అప్పటివరకు అమ్మే ఆలోచనా లేదు.

ఈ నెలాఖరుకు వెనుక టైర్లు రెండూ మార్చాలి. 205/65 ఆర్15 సైజు, జత పన్నెండు వేలని నిన్ననే అడిగి వచ్చాను. నాన్న అప్పుడే పుస్తకంలో పెన్సిలుతో రాసేశారు.